టైమింగ్ బెల్ట్ మార్పించాలి: షోరూమా, మన షెడ్డా, వైజాగ్ పట్టుకెళ్ళాలా?

మన శ్రీకాకుళం, విజయనగరం సైడు పాత డీజిల్ బళ్ళు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆల్టోలు, ట్రావెల్స్ ఇన్నోవాలు ఎక్కువ కదా, వీటిలో చాలా వాటికి టైమింగ్ బెల్టే ఉంటది, దాన్ని ఎక్కడ మార్పించాలి అని ఎవర్ని అడిగినా వచ్చే మాట ఒకటే, "షోరూమ్‌లో పిండేస్తారు, మన మేస్త్రీ దగ్గర చేయించీయ్". ఆ మాట కొన్ని బళ్ళకి నూటికి నూరు పాళ్ళు కరెక్టు, ఇంకొన్ని బళ్ళకి ఇంజిన్ మీదకి తెచ్చే సలహా. నా లెక్క ముందే చెప్పేస్తాను, డబ్బు మిగుల్చుకోవాలంటే లేబర్ దగ్గర మిగుల్చుకోండి, పార్ట్ దగ్గర వద్దు. లేబర్ దగ్గర కూడా మీ ఇంజిన్‌కి లాకింగ్ టూల్స్ (బెల్ట్ వేసేటప్పుడు ఇంజిన్ కదలకుండా పట్టే పిన్నులు) అక్కర్లేదు అన్నప్పుడే.

ముందు అసలు భయం దేనికో చూద్దాం. కింద పిస్టన్లతో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్, రెండు చుట్లు తిరిగితే పైన వాల్వులు తెరిచే ఇరుసు, అంటే క్యామ్, ఒక చుట్టు తిరగాలి, ఆ రెండింటినీ లెక్క తప్పకుండా కలిపి తిప్పేదే ఈ పళ్ళ రబ్బరు బెల్ట్. వాల్వులు కిందకి తెరుచుకుంటాయి, పిస్టన్ పైకొస్తది, చాలా ఇంజిన్లలో రెండూ వచ్చేది ఒకే జాగాలోకి, కాకపోతే వేరే వేరే టైములో వస్తాయి కాబట్టి గుద్దుకోవు. బెల్ట్ తెగిందా, క్యామ్ ఆగిపోద్ది, తెరుచుకున్న వాల్వులు తెరుచుకున్నట్టే ఉండిపోతాయి, కింద క్రాంక్ మాత్రం బండి స్పీడుకి తిరుగుతూనే ఉంటది. 2000 ఆర్పీఎం అంటే పిస్టన్ సెకనుకి 33 సార్లు పైకొస్తది, మీరు కాలు తీసేలోపే వాల్వులు వంగిపోతాయి. ఇలాంటి ఇంజిన్లని ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్లు అంటారు. డీజిల్ ఇంజిన్‌లో కంప్రెషన్ ఎక్కువ, పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్డుకీ దానికీ మధ్య మిగిలే జాగా చాలా తక్కువ, కాబట్టి డీజిల్ అయితే తెగితే దెబ్బ ఖాయం అనుకునే ఉండండి. పైగా చాలా డీజిళ్ళలో ఫ్యూయల్ పంప్ లోడు కూడా ఈ బెల్ట్ మీదే పడతది.

ఇంకోటి కూడా ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. నడుస్తూ ఉండగా ఇంజిన్ ఆగిపోతే పవర్ స్టీరింగ్ బిగిసిపోద్ది, బ్రేకుకి ఉండే వాక్యూమ్ సాయం రెండు మూడు సార్లు తొక్కితే అయిపోద్ది. ఎన్‌హెచ్ 16 మీద రణస్థలం దగ్గర అయితే పక్కకి తీసి ఆపుకోవచ్చు. సాలూరు దాటాక సుంకి ఘాట్‌లో దిగుతూ ఉండగా ఆగితే? బెల్ట్ గురించి ఇంజిన్ ఖర్చు లెక్కే వేస్తాం గానీ ఆ లెక్క వెయ్యం.

సరే, మీ బండికి ఉన్నది రబ్బరు బెల్టా, ఇనుప గొలుసా (చైన్) అన్నది మొదట తేల్చుకోండి, ఎందుకంటే చైన్ బండికి "బెల్ట్ మార్చాలి" అని ఎస్టిమేట్ వేసే షెడ్లు కూడా ఉన్నాయి. పాత మారుతి 800, ఓమ్నీ, ఆల్టో 800, పాత 1.1 వ్యాగనార్, శాంత్రో జింగ్, పాత ఇండికా డీజిల్, క్వాలిస్, పాత ఇన్నోవా 2.5, పాత ఫార్చూనర్ 3.0, డస్టర్ 1.5 డీజిల్, ఫిగో, ఎకోస్పోర్ట్ డీజిళ్ళు, పోలో, వెంటో, రాపిడ్ డీజిళ్ళు, హారియర్ 2.0 డీజిల్, ఇవన్నీ బెల్ట్. మారుతి కె సిరీస్ పెట్రోల్ ఇంజిన్లు (ఆల్టో కె10, ఆ తర్వాతి స్విఫ్ట్‌లు), స్విఫ్ట్ డిజైర్ 1.3 డీజిల్, ఐ10 1.2 కప్పా, ఎటియోస్ డీజిల్, క్రిస్టా 2.4, ఎమ్‌హాక్ స్కార్పియో, ఇవి చైన్. చైన్ అంటే జీవితాంతం చూసుకోనక్కర్లేదు అని కాదండీ, ఆయిల్ సరిగ్గా మార్చని బండికి చైన్ సాగుతది, దాన్ని బిగుతుగా పట్టే టెన్షనర్ వీక్ అవుద్ది, పొద్దున్న చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే రెండు సెకన్లు గరగర మంటది. కానీ చైన్ అలా అరిచి చెప్తది, బెల్ట్ చెప్పదు. బల్బు పోయినట్టు పోద్ది, మసకబారి పోదు. ఏడాదికి తక్కువ తిరిగే ఇంట్లో బండి కొంటూ, పాత బండి పేపర్లు ఏవీ దొరకవు అనుకుంటే నేనైతే చైన్ బండి వైపే మొగ్గుతాను. రోజూ నడిపేవాళ్ళకి, సర్వీసు లెక్కలు రాసుకునేవాళ్ళకి బెల్ట్ బండి వల్ల ఇబ్బందేం లేదు, ఖర్చు ఎప్పుడొస్తదో ముందే తెలుసు కాబట్టి ఒకరకంగా అదే నయం.

మధ్యలో ఒక తేడా జాతి ఉంది, ఆయిల్‌లో మునిగి తిరిగే బెల్ట్. ఎకోస్పోర్ట్ 1.0 టర్బో పెట్రోల్‌లో ఉండేది అదే. దీనికి మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిలే పొయ్యాలి, ఏదో ఒక డబ్బా పోసేస్తే రబ్బరు ఉబ్బి పొట్టు రాలి ఆ పొట్టు వెళ్ళి ఆయిల్ పంప్ జల్లెడకి అడ్డం పడతది, అప్పుడు ఆయిల్ అందక ఇంజిన్ మొత్తమే పోద్ది. ఈ బండి ఉన్నవాళ్ళు మిగతాదంతా చదవక్కర్లేదు, ఫోర్డ్ సర్వీసు సెంటర్‌కే వెళ్ళండి, ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నాం అని చెప్పింది గానీ సర్వీసు, పార్ట్స్ నడుస్తున్నాయి, కాకపోతే పార్ట్ ముందే ఆర్డర్ పెట్టించి వచ్చిందని ఫోన్ వచ్చాక బండి పెట్టండి.

ఇప్పుడే మార్చాలా, ఇంకో ఏడాది లాగొచ్చా? ఇక్కడ మన వాళ్ళు చేసే లెక్క కిలోమీటర్లది ఒక్కటే. మాన్యువల్‌లో మాత్రం ఎప్పుడూ రెండు ఉంటాయి, ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్ళు, ఏది ముందొస్తే అది. రబ్బరు వాడకపోయినా ముసలిదవుద్ది. ఊళ్ళో ఉండే రిటైర్డ్ మాస్టారి ఆల్టో పదేళ్ళలో ముప్పై వేలే తిరిగింది అనుకోండి, కొనేవాడికి అది ముత్యం లాంటి బండి, దాని బెల్ట్‌కి మాత్రం పదేళ్ళు. అలాగే ట్రావెల్స్ బళ్ళు, అరసవల్లి పార్కింగ్‌లో ఏసీ వేసుకుని ఆన్‌లో పెట్టుకుని కూర్చుంటారు, పెళ్ళిళ్ళ సీజన్‌లో కళ్యాణమండపం బయట గంటలు గంటలు ఆన్‌లోనే, మీటర్ కదలదు గానీ బెల్ట్ తిరుగుతూనే ఉంటది. ఇలాంటి బండికి కంపెనీ చెప్పిన కిలోమీటర్ల కంటే ముందే మార్చీసుకోండి. పాత ఇన్నోవా డాష్‌బోర్డు మీద టీ-బెల్ట్ అని ఒక లైటు వెలుగుతది కదా, అది బెల్ట్‌ని చూసి వెలిగేది కాదు, కిలోమీటర్లు లెక్కపెట్టి వెలిగేది. బెల్ట్ మార్చకుండా లైటు రీసెట్ చేసేసి అమ్మేసిన బండి కూడా దొరుకుతది, లైటు లేదు కాబట్టి బెల్ట్ కొత్తదే అనుకోవద్దు.

మన ఏరియాకి సంబంధించి ఇంకో రెండు. టెక్కలి గ్రానైట్ క్వారీల వైపు తిరిగే బళ్ళకి టైమింగ్ కవర్ క్లిప్పులు ఊడిపోయి ఉంటే ఆ రాతి పొడి లోపలికెళ్ళి పళ్ళని అరగదీస్తది. తుఫాన్లలో నీళ్ళలో నిలబడిపోయిన బళ్ళు ఉంటాయి, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ అప్పుడు చూశాం కదా, నీళ్ళు కవర్ లోపలికెళ్తే బెల్ట్ కంటే ముందు టెన్షనర్, ఐడ్లర్ (బెల్ట్‌కి దారి చూపే చిన్న చక్రం) బేరింగుల్లో గ్రీజు పోద్ది, తుప్పు పడతది. అలా మునిగిన బండికి కిలోమీటర్లు ఎన్ని అని చూడకుండా కవర్ విప్పించి బేరింగులు చేత్తో తిప్పి చూడాల్సిందే.

"విప్పి చూశాను బాబూ, బెల్ట్ బాగానే ఉంది, ఇంకో ఏడాది వచ్చీద్ది" అని మేస్త్రీ అంటే? పగుళ్ళు కనిపిస్తే మార్చాల్సిందే, అందులో డౌటు లేదు, కానీ పగుళ్ళు కనిపించలేదు కాబట్టి బాగుంది అనడానికి లేదు. ఇప్పటి బెల్ట్‌లు హెచ్‌ఎన్‌బీఆర్ అనే రబ్బరుతో చేస్తారు, అది పాత నియోప్రీన్ బెల్ట్ లాగా పైకి పగుళ్ళు చూపించదు, లోపల ఉండే గ్లాస్ ఫైబర్ దారాలు అలిసిపోయినా పైన నల్లగా నిగనిగలాడుతూనే ఉంటది. కాబట్టి కంటితో చూసి పాస్ చేసే పని కాదు ఇది. కవర్ దగ్గర ఆయిల్ తడి, వాటర్ పంప్ దగ్గర కూలెంట్ చార, ఆ వైపు నుంచి ఈల లాంటి బేరింగ్ శబ్దం, ఈ మూడింట్లో ఏది కనిపించినా తేదీ వరకూ ఆగొద్దు. ఇంకా, గడువు దాటిన బెల్ట్ ఉన్న బండి బ్యాటరీ డౌన్ అయితే నలుగురు పట్టుకుని తోసి సెకండ్ గేర్‌లో క్లచ్ వదలడం మానండి, ఆ కుదుపుకి వీక్ అయిన బెల్ట్ పన్ను జారొచ్చు, జంపర్ కేబుల్ తెచ్చుకోండి.

ఇక అసలు పోలిక మొదలయ్యేది ఇక్కడ, బెల్ట్ ఒక్కటి మారుద్దామా, కిట్ మొత్తమా. కిట్ అంటే బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్, కొన్ని బళ్ళకి వాటర్ పంప్. చిన్న పెట్రోల్ బండికి బెల్ట్ ఒక్కటే అయితే వందల్లో తేలిపోద్ది, కిట్ అనేసరికి రేటు చాలా పెరుగుద్ది, డీజిళ్ళకి వేలల్లోకి పోద్ది, అక్కడే మనసు ఆగిపోద్ది. కానీ తెగిపోయిన బెల్ట్‌లన్నీ బెల్ట్ తప్పు వల్ల తెగినవి కావు. టెన్షనర్ బేరింగ్ పట్టేస్తే దాని మీద రాసుకుని రాసుకుని మంచి బెల్ట్ కూడా కాలి తెగుద్ది. పాత టెన్షనర్ మీద కొత్త బెల్ట్ వేయించి ఏడాది తిరక్కుండా ఇంజిన్ పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు, అప్పుడు మేస్త్రీని అడిగితే "నువ్వే కదా బాబూ బెల్ట్ ఒక్కటీ వేసీమన్నావు" అంటాడు, ఆ మాటకి సమాధానం లేదు. లేబర్ రెండుసార్లు ఇవ్వాలి అన్నది పక్కన పెట్టినా టెన్షనర్, ఐడ్లర్ మాత్రం బెల్ట్‌తో పాటు మారాల్సిందే, ఇందులో నాకు ఇంకో అభిప్రాయం లేదు.

వాటర్ పంప్ మాత్రం బండిని బట్టి. డస్టర్ 1.5 డీజిల్, పోలో వెంటో డీజిళ్ళు, ఫోర్డ్ 1.4, 1.5 డీజిళ్ళలో పంప్‌ని తిప్పేది టైమింగ్ బెల్టే. పంప్ లీకైతే కూలెంట్ నేరుగా బెల్ట్ మీద పడతది, పంప్ బేరింగ్ పట్టేస్తే బెల్ట్ తెగుద్ది, పంప్ మార్చాలంటే మళ్ళీ బెల్ట్ విప్పాలి, కాబట్టి వీటికి పంప్‌తో కలిపి ఉన్న కిట్ కొనడమే లాభం. ఆల్టో 800కి, పాత ఇన్నోవా 2.5కి పంప్ బయట ఉండే ఫ్యాన్ బెల్ట్ మీద తిరుగుతది, దానికీ టైమింగ్ బెల్ట్‌కీ సంబంధం లేదు. ఇన్నోవాకి "బెల్ట్‌తో పాటు పంప్ కూడా మార్చాలి సార్" అని ఎవరైనా ఎస్టిమేట్‌లో రాస్తే పంప్ లీక్ చూపించమనండి, చూపించలేకపోతే ఆ లైన్ కొట్టేయించండి. డబ్బు మిగిలేది ఇలాంటి చోట. క్రాంక్ ఆయిల్ సీలు, క్యామ్ ఆయిల్ సీలు మాత్రం తడి కనిపిస్తే మార్పించేయండి, సీలు రేటు తక్కువ, దాని వల్ల ఆయిల్ పడి నానిపోయే బెల్ట్ రేటు ఎక్కువ.

ఏ కంపెనీ అంటే, షోరూమ్ డబ్బాలో వచ్చే పార్ట్ ఒకటి, దాన్ని తయారుచేసే కంపెనీలే సొంత పేరుతో అమ్మేవి ఇంకోటి. గేట్స్, కాంటిటెక్, డేకో, ఐఎన్‌ఏ, ఎస్‌కేఎఫ్, ఇవి బెల్ట్‌లకీ బేరింగులకీ పేరున్నవి, కార్ల కంపెనీలకి కూడా సప్లై చేసేవాళ్ళే వీళ్ళలో ఉన్నారు. కాబట్టి నిజమైన గేట్స్ కిట్‌కీ షోరూమ్ కిట్‌కీ నేను పెద్ద తేడా చూడను, తేడా అంతా ఆ "నిజమైన" దగ్గరే ఉంది. డూప్లికేట్ డబ్బాలు ఒరిజినల్ కంటే అందంగా వస్తున్నాయి. ఆల్టో, శాంత్రో లాంటి వాటికి షోరూమ్ స్పేర్స్ కౌంటర్‌లో బిల్లుతో కొనుక్కోవడం ఈజీ, రేటు తేడా కూడా పెద్దగా ఉండదు, అక్కడే కొనండి. డీజిళ్ళకి బ్రాండెడ్ కిట్ కొనాలంటే ఆ కంపెనీ డీలర్ దగ్గర జీఎస్టీ బిల్లుతో కొనండి. బెల్ట్ వీపు మీద పార్ట్ నంబర్ ప్రింట్ ఉంటది, డబ్బా మీద నంబర్‌తో కలపండి, పళ్ళ లెక్క, వెడల్పు పాత దానితో పక్కన పెట్టి చూడండి. మడతపెట్టి రబ్బరు బ్యాండ్ వేసి కవర్లో కుక్కిన బెల్ట్ ఇస్తే తీసుకోవద్దు, గట్టిగా మడిస్తే లోపల గ్లాస్ దారాలు విరుగుతాయి, పైకి ఏటీ కనిపించదు.

ఇప్పుడు ఎవరి దగ్గర.

షోరూమ్ సంగతి చెప్తాను. మంచి ఏటంటే టూల్స్ ఉంటాయి, టార్క్ లెక్కలు (ఏ బోల్టు ఎంత బలంగా బిగించాలో) సిస్టమ్‌లో ఉంటాయి, బిల్లు మీద కిలోమీటర్లు పడతాయి, రేపు తేడా వస్తే అడగడానికి ఒక కాగితం ఉంటది, బండి అమ్మేటప్పుడు ఆ బిల్లుకి విలువ ఉంది. చెడు ఏటంటే లేబర్ ఎక్కువ, బెల్ట్ పనితో పాటు ఇంజిన్ ఫ్లష్, ఏసీ క్లీనింగ్, ఇంకేవో కోటింగులు ఎస్టిమేట్‌లోకి వచ్చి చేరతాయి. ఇంకో సంగతి, పాత మోడల్ అయితే షోరూమ్‌లో ఉండే కుర్రాళ్ళు ఆ ఇంజిన్ ఎప్పుడూ విప్పి ఉండరు. ఇప్పటి టెక్నీషియన్‌కి క్వాలిస్ ఇస్తే వాడికి అది కొత్త బండే, మన షెడ్డులో యాభై ఏళ్ళ మేస్త్రీకి అది కళ్ళు మూసుకుని చేసే పని.

లోకల్ షెడ్డు మారుతి 800, ఆల్టో, ఓమ్నీ, శాంత్రో, ఇండికా, క్వాలిస్, పాత ఇన్నోవాకి బ్రహ్మాండం. వీటిలో చాలా వాటికి టైమింగ్ మార్కులు ఇంజిన్ మీదే ఉంటాయి, పుల్లీ మీద గాటు, వెనక బాడీ మీద గాటు, రెండూ కలిపితే అయిపోద్ది, ప్రత్యేకం టూల్స్ ఏవీ అక్కర్లేదు. శ్రీకాకుళంలో అయినా విజయనగరంలో అయినా ట్యాక్సీవాళ్ళు ఏ షెడ్డుకి వెళ్తున్నారో చూడండి, స్టాండ్‌లో ఇద్దరు ముగ్గురు డ్రైవర్లని అడిగితే ఒకే పేరు వస్తది, అదే మీ షెడ్డు. సాలూరు లాంటి లారీల ఊళ్ళో మేస్త్రీలకి డీజిల్ మీద చెయ్యి తిరిగి ఉంటది నిజమే, కానీ లారీ ఇంజిన్‌లో టైమింగ్ ఎక్కువగా గేర్ల మీద నడుస్తది, బెల్ట్ టెన్షన్ పెట్టడం వేరే విద్య, లారీ బాగా చేస్తాడు కదా అని పోలో పట్టుకెళ్ళొద్దు.

డస్టర్, పోలో, వెంటో, ఫోర్డ్ డీజిళ్ళు, హారియర్, వీటికి మాత్రం క్రాంక్‌ని, క్యామ్‌ని పిన్నుతో గాని లాక్‌తో గాని కదలకుండా బిగించి అప్పుడు బెల్ట్ వెయ్యాలి. కొన్నిటికి క్యామ్ పుల్లీ బోల్టు, క్రాంక్ బోల్టు కొత్తవి వెయ్యాలి, టార్క్ పెట్టి ఆ మీద ఇంకా ఇన్ని డిగ్రీలు తిప్పాలి అని ఉంటది. ఇక్కడ ఒక చిన్న పరీక్ష ఉంది. మేస్త్రీని "లాకింగ్ టూల్ ఉందా అన్నా, ఒకసారి చూపించు" అని అడగండి. ఉన్నవాడు లోపలికెళ్ళి పెట్టె పట్టుకొస్తాడు. లేనివాడు "అవన్నీ ఎందుకు బాబూ, వైట్‌నర్‌తో మార్కు పెట్టీసి మార్చీడమే" అంటాడు. వైట్‌నర్ మార్కు అంటే పాత బెల్ట్ మీద, పుల్లీల మీద గుర్తులు పెట్టి, అవే గుర్తులు కొత్త బెల్ట్ మీదకి ఎక్కించి అలాగే వేసేయడం. పాత బెల్ట్ అప్పటికే ఒక పన్ను జారి ఉంటే ఆ తప్పునే కొత్త బెల్ట్‌తో మళ్ళీ బిగించినట్టు. ఆల్టోకైనా నేను ఇది ఒప్పుకోను, కంపెనీ మార్కు చూసే వెయ్యాలి. ఇలాంటి బళ్ళకి వైజాగ్ వెళ్ళడమే బెటర్, విజయనగరం నుంచి గంటన్నర, శ్రీకాకుళం నుంచి రెండు రెండున్నర గంటలు, షోరూమ్ రేటు భరించలేకపోతే ఆటోనగర్ సైడు ఆ కంపెనీ బళ్ళే చేసే వర్క్‌షాపులు ఉంటాయి, ఆ ఒక్క పని కోసం డీజిల్ ఖర్చు పెట్టుకుని వెళ్ళినా తప్పు లేదు. గడువు బాగా దాటిపోయిన బెల్ట్ అయితే మాత్రం నడుపుకుంటూ వెళ్ళొద్దు, బండిని మీదకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ మీద పంపండి. మార్పించడానికి వెళ్తూ ఆనందపురం దగ్గర తెగితే అంతకన్నా దరిద్రం ఉండదు.

ఎక్కడ చేయించినా పని జరిగేటప్పుడు పక్కన ఉండండి, ఇవి చూడండి. పాత బెల్ట్ తీసేముందు ఒకటో నంబర్ సిలిండర్ పిస్టన్‌ని టాప్‌లోకి తెచ్చి మార్కులు కలిపాడా లేదా. బెల్ట్ తీశాక ఐడ్లర్‌ని వేలితో తిప్పితే మెత్తగా తిరిగి ఆగాలి, గరగర మంటే అదే మీ పాత ఈల శబ్దం. కొత్త బెల్ట్‌ని స్క్రూడ్రైవర్ పెట్టి మెలితిప్పి ఎక్కిస్తుంటే ఆపండి, చేత్తోనే ఎక్కాలి. గ్రీజు చేతులతో పట్టుకోకూడదు. టెన్షనర్ మీద ముల్లు లాంటి గుర్తు ఉన్న బళ్ళకి ఆ ముల్లు గాటు మధ్యలోకి రావాలి, "చేత్తో నొక్కి చూశాను, టైటుగానే ఉంది" అన్నది చాలదు. లూజైతే పన్ను జారుద్ది, మరీ టైటైతే బేరింగ్, పంప్ త్వరగా పోతాయి, సన్నగా కూత వస్తది.

అన్నిటికంటే ముఖ్యమైనది, బెల్ట్ వేశాక సెల్ఫ్ కొట్టేముందు క్రాంక్ బోల్ట్‌కి పానా పెట్టి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి, క్యామ్ ఒక చుట్టు తిరుగుతది, మార్కులన్నీ మళ్ళీ వచ్చి కరెక్టుగా కలవాలి. మధ్యలో ఎక్కడైనా ఇనుముకి ఇనుము తగిలినట్టు ఆగిపోతే బలవంతంగా తిప్పకూడదు, అక్కడే తప్పు దొరికింది, చేత్తో తిప్పారు కాబట్టి వాల్వు బతికింది. ఇది పది నిమిషాల పని. ఇది చెయ్యకుండా నేరుగా తాళం తిప్పే మేస్త్రీ ఎంత పేరున్నవాడైనా నాకొద్దు. పని అయ్యాక బండి స్టార్టవుద్ది గానీ పికప్ లేదు, మైలేజ్ పడిపోయింది, చెక్ ఇంజిన్ లైటు వచ్చింది, స్కానర్ పెడితే పీ0016 లాంటి కోడ్ చూపించింది అంటే క్రాంక్‌కీ క్యామ్‌కీ లెక్క కుదరట్లేదని, ఒక పన్ను అటో ఇటో పడిందేమో ముందు అది చూడమనండి. "నాలుగు రోజులు నడపండి సెట్టవుద్ది" అనే మాట ఈ విషయంలో అబద్ధం.

పాత పార్టులు అడిగి తీసుకోండి. కవర్ మీద పెయింట్ మార్కర్‌తో తేదీ, కిలోమీటర్లు రాయించండి.

తెగిపోయాక వచ్చినవాళ్ళ సంగతి వేరు. నడుస్తూ ఉండగా టప్ మని ఆగిపోయి, సెల్ఫ్ కొడితే మామూలు కంటే ఫాస్టుగా, లోడే లేనట్టు సర్రున తిరిగితే బెల్ట్ పోయినట్టే. మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టొద్దు, కొట్టిన ప్రతిసారీ మిగిలిన వాల్వులు కూడా వంచుతున్నారు. న్యూట్రల్‌లో పెట్టి లాగించండి, గేర్‌లో ఉండగా అస్సలు లాగొద్దు.

షెడ్డుకి చేరాక మూడు దార్లు ఉంటాయి. ఒకటి, కొత్త బెల్ట్ వేసి చూడటం. ఇది తప్పేం కాదు, ఇంజిన్ స్లోగా ఉన్నప్పుడు తెగితే, లేదా ఇంటర్‌ఫియరెన్స్ కాని ఇంజిన్ అయితే బతికి ఉండొచ్చు, కానీ వేశాక చేత్తో తిప్పి, ప్రతి సిలిండర్ కంప్రెషన్ చూసి అప్పుడే స్టార్ట్ చెయ్యాలి. ఏ సిలిండర్‌లోనైనా కంప్రెషన్ లేదంటే వాల్వు వంగినట్టే. రెండు, హెడ్డు దింపడం. వంగిన వాల్వులు, గైడ్లు, హెడ్ గ్యాస్కెట్, అవసరమైతే హెడ్ బోల్ట్‌లు మార్చాలి, హెడ్డు లేత్ వర్క్స్‌కి పంపి పగుళ్ళకి టెస్ట్ చేయించాలి, ఫేస్ (అడుగు చదునుగా ఉందా) చూడాలి. పిస్టన్ మీద వాల్వు దెబ్బ చిన్న మచ్చలా ఉంటే సరే, గుంట పడితే పిస్టన్ కూడా మార్చాలి. కొన్ని ఇంజిన్లలో రాకర్లు విరిగి వాల్వులు బతుకుతాయి, అది అదృష్టం. చిన్న పెట్రోల్ బండికైతే ఈ దారే కరెక్టు. కామన్ రైల్ (కంప్యూటర్‌తో ఫ్యూయల్ కొట్టే కొత్త రకం) డీజిళ్ళకి ఖర్చు బండి రేటుతో పోల్చుకోవాల్సిన స్థాయికి పోద్ది, హెడ్డు దింపి చూసి అంచనా రాసిచ్చాకే ఓకే చెప్పండి, విప్పకముందే గుత్తకి మాట్లాడుకోవద్దు. మామూలు ఇన్సూరెన్స్ దీనికి రాదు, మెకానికల్ బ్రేక్‌డౌన్, అరుగుదల ఓన్ డ్యామేజ్ (సొంత బండి దెబ్బకి ఇచ్చే) పాలసీలో కవర్ కావు.

మూడోది సెకండ్ హ్యాండ్ ఇంజిన్ తెచ్చి ఎక్కించడం. పిస్టన్ దాకా పోయిన డీజిల్‌కి ఒక్కోసారి ఇదే చవక పడతది. కానీ తెచ్చిన ఇంజిన్‌కి కూడా ముందు కొత్త టైమింగ్ కిట్ వేసి అప్పుడు ఎక్కించండి, దాని బెల్ట్ వయసు ఎవడికి తెలుసు. ఏ బండి నుంచి తీశారో కాగితం లేకుండా ఇంజిన్ కొనొద్దు, ఎందుకంటే ఇంజిన్ నంబర్ మారుతుంది కాబట్టి ఆర్టీవో ఆఫీసులో ఆర్సీ మీద కొత్త నంబర్ ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్‌లో కూడా మార్పించాలి, అమ్మినవాడి బిల్లు, పాత బండి పేపర్ల కాపీ లేకపోతే ఆ పని అక్కడే ఆగిపోద్ది, రేపు క్లెయిమ్‌కి వెళ్ళినా ముందు చూసేది ఆ నంబరే.